రెండడుగుల ఎత్తు

జుమ్మెరాత్ బజార్ల బేరం జేసి తెచ్చిన ఏడు పిల్లలు.
తల్లి లేదు వాటికి. మిషిన్ల పుట్టినయ్,
బల్బు కింద పెరిగినయ్, అట్టపెట్టెల ఈకలొచ్చినయ్.
ఇప్పుడు రెండున్నర నెలలు దాటి, మెడలు సాగి,
పెండ్లి పందిట్ల తప్పిపోయిన పోరగాండ్ల లెక్క
వారాసిగూడ మిద్దె మీద తిరుగుతున్నయ్.

గూడు నేనే కట్టిన.
పాత తలుపు, రెండు టమాట డబ్బాలు, జాలి,
నేల నుంచి రెండడుగుల మీద అడ్డంగ ఒక కర్ర.
మొదలు ఇనుప పైపు పెట్టిన.
జారుతది, చలికి కాళ్లు కొంకర్లు పోతయ్ అంది అండాలు.
విరిగిన మంచం పట్టె తీసి
అంచులు గరుకు కాగితంతో రాకి రాకి పెట్టిన.
చుట్టాలొస్తే గూడ ఇంత మర్యాద జెయ్యలేదు నేను.

అయినా ఎక్కుతలేవు.
పొద్దుమూకితే మూలకు జేరి
ఒకదాని మీద ఒకటి కుప్ప వడుతయ్.
అన్నిటికన్న కిందిది ఊపిరాడక కీచుమంటది.
తెల్లారి చూస్తే ఏడింటి పొట్టలకూ పెంటే.

దానికి తోడు ఈడ రాత్రి రాత్రి లెక్క ఉండదు.
ఎదురుంగ ఫంక్షన్ హాలు, నిలువునా సీరియల్ బల్బులు,
ఎర్రగ ఒకపారి, పచ్చగ ఒకపారి.
సందె అయిందని కోడి ఎప్పుడనుకోవాలె?
ఎలచ్చన్ల ఫ్లెక్సీ ఒకటి దొరికితే గూటికి కప్పిన,
నాయకుని మొఖం లోపలి దిక్కు.
ఆ నవ్వుకు బెదిరి తెల్లారేదాక పండలే.
తిప్పి కప్పిన.

కిందింటి జహీరా బీ మోకాళ్లు పట్టుకుంట మెట్లెక్కి వచ్చింది.
"వెలుతుర్ల ఎక్కిస్తే దుంకుతయ్ భాయ్.
చీకట్ల కోడికి కండ్లు లేవు.
అప్పుడు ఎక్కడ పెడితే అదే తన జాగ అనుకుంటది."
దిగిపోతా పోతా మా ఆమె దిక్కు తిరిగి
"పేరేమో అండాలు, ఇంట్ల ఒక్క అండా లేదు" అని
తన మాటకు తనే నవ్వుకుంది.

అప్పటి సంది రోజూ ఎనిమిదిన్నరకు
ఫోన్ల లైటు ఆర్పి ఒక్కొక్కదాన్ని ఎత్తుతున్న.
పొట్ట కింద చెయ్యి పెడితే
గుండె నా బొటనవేలు మీద కొట్టుకుంటది.

ముప్పై రెండంతస్తుల అద్దాలు తుడిసినోణ్ని నేను.
కోకాపేట దిక్కు తాడుకు వేలాడి,
లోపల వాళ్లు చాయ్ తాగుతుంటే
వాళ్ల మొఖాల మీది సబ్బునురుగు గీకినోణ్ని.
పక్క తాడు మీది రాజమల్లు ఆ మంగళారం
బకెట్ కోసం వంగిండు.
ఆ ముచ్చట ఈడ చెప్ప.
ఏడు నెలలాయె, స్టూలు గూడ ఎక్కలే.
మిద్దె మీద ఉన్నా పిట్టగోడ దిక్కు పోను.
ట్యూబ్‌లైటు మార్చాలంటే
నా దిక్కు చూడకుంట
పక్కింటి పిలగాణ్ని పిలుస్తది అండాలు.

కర్ర మీద పెట్టంగనే
కాళ్లు నిలువునా చాపి వణుకుతది కోడి.
వీపు మీద చెయ్యేసి మెల్లగ కిందికి ఒత్తుతా.
పొట్ట కర్రకు ఆనిందా,
వేళ్లు వాటంతటవే ముడుసుకుంటయ్.
బిగవట్టే పని లేదు. నిద్రవోయినా ఊడవు.
దాని బరువే దానికి పట్టు.
బెల్టు కట్టి, టోపీ పెట్టి, సంతకం తీసుకున్న
ఏ సూపర్‌వైజరూ నాకీ మాట చెప్పలే.
చెప్పినా, నావి కోడి కాళ్లు కావు గదా.

పదకొండో రాత్రి ఫ్లెక్సీ లేపి చూస్తే
నాలుగు ఎక్కి కూసున్నయ్, ఎవలూ ఎక్కియ్యకుంట.
అరిసి అండాలును పిలుద్దామనుకుని
నోరు మూసుకున్న.
ఇంకో రెండు కర్ర కింద నిలబడి
నా చెయ్యి కోసం చూస్తున్నయ్. ఎక్కిచ్చిన.
మిగిలింది తోక లేని బొడ్డది.
ఎన్నిసార్లు పెట్టినా దిగుతది.
దానికి మెట్టు లెక్క ఒక ఇటుక వేసిన.
ఎక్కింది. అటూ ఇటూ చూసింది.
ఇటుక మీదనే రెక్కల మెడ దూర్చి పండుకుంది.

పండుకోనీ.
ఇటుక గూడ ఎత్తే.