చిన్న గరిటె

అఫ్రకోమా ధర పెంచలేదు.
పలక మీద సుద్దతో రాసిన అంకె పోయిన నెలదే,
తుడవలేదు.
గరిటె మార్చింది, అంతే.

కుమాసీ లారీ స్టాండులో
పదకొండేళ్లుగా ఆమె చేతి అన్నమూ కూరా తినే బొవాదు,
వడ్రంగి, కొలతల మనిషి,
పళ్లెంలోకి చూసి, వంగి మళ్లీ చూసి
"నీ గరిటెకి జ్వరమొచ్చి తగ్గిందా,
ఇట్లా చిక్కిపోయింది?" అన్నాడు.
ఆమె నవ్వలేదు.

ఆ చిక్కడం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.
సరుకు లారీలో పెట్టెలు లెక్క రాసేవాణ్ణి.

ఉత్తరానికి ఒక పగలూ ఒక రాత్రీ పోతే
పాగా దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక కర్ర.
అటు బుర్కినా మట్టి, ఇటు ఘనా మట్టి,
రెండూ ఒకే ఎరుపు, చెప్పులకి తేడా తెలీదు.
మేకలు కర్ర కింద దూరి
అటు దేశంలో మేసి
ఇటు దేశంలో నెమరేస్తాయి.

లామిసికి మాత్రం మూడు రాత్రులు పట్టింది.
నూట ఎనభై పెట్టెల టమాటా,
లారీ కింద ఆమె చాప.
తెగుళ్ల పరీక్ష కాగితం ఏదన్నారు. చూపించింది.
మర్నాడు, దాని మీది ముద్ర నీలంగా ఉండాలి,
నల్లగా ఉందన్నారు.
ఆ తర్వాతి రోజు పండగ సెలవు.
పండగ ఎవరిదో గానీ
పండటం మాత్రం టమాటాలు మానలేదు.
అర్ధరాత్రి మొహం మీద చినుకు పడితే
వానేమోనని లేచి కూర్చుంది.
పెదవికి పుల్లగా తగిలింది.

సుంకానికి రసీదిచ్చారు.
తూకం రుసుముకీ, లారీ నిలిపిన చోటుకీ ఇచ్చారు.
కర్ర ఎత్తిన కుర్రాడి చేతిలో పెట్టినదానికి
రసీదు లేదు, చిరునవ్వుంది.
వాణ్ణీ తిట్టలేను. రెండు నెలలుగా జీతం లేదు,
చీకటి పడ్డాక గోడ చాటున
బెండకాయ జారులో ముద్ద నంజుకుంటూ కనిపించాడు,
అందులో టమాటా ముక్క లేదు.

కర్ర ఇంకా గట్టిగా దించండి అనేవాడూ ఉన్నాడు.
నవ్రోంగో పక్కన మడి, పేరు అటంపుగ్రే.
నాలుగేళ్ల కిందట పంట కొనే దిక్కులేక
పశువుల ముందు కుమ్మరించి
వాటి మూతులు ఎర్రబడుతుంటే గట్టు మీద కూచుని చూశాడు.
ఆ గట్టు మీద కూచోనివాడు
అతనితో వాదించకూడదు.
కానీ ఈ ఏడు అతని నీళ్ల మోటారు చెడింది.
అరచెయ్యంత ఇనప ముక్క
తేమా రేవులో ఏదో పెట్టెలో ఉంది,
దాని మీద పన్ను దాని వెలని మించింది.
ఒక కర్ర అతని మడికి కాపలా,
ఇంకో కర్ర అదే మడికి కరువు.

కుమాసీలో దించి లెక్క రాశాను:
నూట ఎనభైలో నూట పదమూడు.
మిగిలినవి మురిక్కాలవలోకి.
వాటిని ఎవరూ తినలేదు.
అయినా అందరం కొన్నాం.
చచ్చిన పండు తన ఖరీదుని
బతికిన పండు భుజమ్మీద పెట్టి పోతుంది.

లామిసిని అడిగితే, నాకేం మిగిలింది అంటుంది.
డ్రైవరు డీజిల్ వంక చూపిస్తాడు.
ఆఫీసులో, మేం రాసినది కాదు, పైనుంచి వచ్చింది అంటారు.
అందరూ శాకాహారులే,
రొయ్యల బుట్ట ఏమైందో మరి.

అఫ్రకోమా పాగాని ఎప్పుడూ చూడలేదు.
రెండు మెతుకులకి చాలినంత ఎరుపుని
నాలుగు మెతుకులకి సాగదీయడం నేర్చుకుంది,
డబ్బా గుజ్జు ఒక చెంచా, నీళ్లు రెండు,
మిరప్పొడి కాస్త ఎక్కువ,
ఘాటుకి తేడా తెలీదని.

పాత గరిటెని పారేయలేదు.
గోడ మేకుకి వేలాడుతోంది.
వచ్చినవాళ్లు పళ్లెం కన్నా ముందు దాన్ని చూస్తారు,
ఊరెళ్లిన మనిషి ఫోటో చూసినట్టు.

బొవాదు తినడం అయ్యాక
చూపుడు వేలితో పళ్లెం అంచంతా గుండ్రంగా తుడిచి
వేలు నోట్లో పెట్టుకున్నాడు.
మునుపు తుడిచేవాడు కాదు.