పొడుపు లెక్క

హెబ్బాళ షెడ్డులో పొద్దు పొడవకముందే
నా లెక్క మొదలు.
ఇరవై రెండు పెట్టలు, కాళ్లకి రంగు కడియాలు.
ఎవరు ఎవర్ని పొడిచారు,
ఎవరు తల వంచి పక్కకి జరిగారు,
ఒక్కో ముక్కుపోటుకి ఒక్కో గీత.
గీతలన్నీ కలిపితే నిచ్చెన.
కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది.

ఎర్ర కడియం పెట్ట అందర్నీ పొడుస్తుంది.
ఆకుపచ్చది అందరి చేతా పొడిపించుకుంటుంది;
మెడ మీద ఈకల్లేవు,
తొట్టి దగ్గరికి చివర్న వస్తుంది,
అప్పటికి మిగిలేది పొట్టు.

మంగళవారం ఎర్రదాన్ని గంపకింద దాచాం.
గంటలో గొడవ. మధ్యాహ్నానికి నీలిది పెద్దదైంది.
ఆకుపచ్చదానికి
పొడిచే ముక్కు మారింది, అంతే.

టీ వేళ మేమూ ఎత్తిపొడుచుకుంటాం,
ఎవరి పేపరు తిరిగొచ్చిందో, ఎవరి గ్రాంటు ఆగిందో.
సారు ముందు నవ్వాలి, తర్వాత మేం.
పింగాణీ కప్పులు ఏడు.
చిక్కతాయమ్మ స్టీలు గ్లాసు
కిటికీ బయట గట్టు మీద బోర్లించి ఉంటుంది.
నాలుగేళ్లుగా చూస్తున్నాను.
దానికి నా పట్టికలో గడి లేదు.

నిన్న కెమెరా బ్యాటరీ మార్చడానికి వెళ్తే
నీళ్ల డ్రమ్ము వెనక గొంతుక్కూర్చుని
కొంగులోని రాగులు
అరచేతిలో పోసి పట్టుకుంది ఆకుపచ్చదానికి.
"తిన్ను మగా, తిన్ను."
అది ఆ చేతిని టకటకా పొడుస్తోంది.

నన్ను చూసింది చిక్కతాయమ్మ.
గుప్పిట మూయలేదు.

మూడు నెలల డేటా
ఎన్నాళ్లుగా తప్పో మరి.
పెన్నుకి మూత పెట్టాను.
ఆ పోట్లకి గీతలు గీయలేదు.