పేర్లు పడకముందు

మూడో భాగంలో కెప్టెన్ ఓరెల్ చచ్చిపోయినాడు.
ఓడను కాపాడను తాడు తానే కోసుకుని
శనిగ్రహం ఉంగరాల్లోకి జారిపోయినాడు.
చిత్తూరులో హాలు హాలంతా ముక్కు చీదింది.
నేను మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నా.
ఆ చావుకేక మా ఇంటాయనది.

వడపళనిలో, గోడలకు దూది కుట్టిన గదిలో
పదకొండు సార్లు అరిపించినారంట,
"ఇంకా దూరం పోతా ఉన్నట్టు అరవండి సార్" అని.
రాత్రి బస్సు దిగి మిట్టూరుకు వచ్చేటప్పటికి గొంతు లేదు.
పాప పలక మీద రాసి అడిగినాడు,
సంగటి ఉందా?

చావడం ఆయనకు కొత్తా?
పెనుమూరు పక్క భారతంలో ఇరవై రెండేండ్లు దుర్యోధనుడు.
పద్దెనిమిదో పొద్దు తొడ విరిగి
మట్టిబొమ్మ పక్కన పడి ఉంటే,
ఆడోళ్ళు చీపుర్లెత్తి తిట్టిపోస్తా ఉంటే,
కండ్లు మూసుకునే మెల్లగా అడిగేవాడు,
"ధనకోటీ, టీ అంగడి తెరిచినారా?"

నాలుగో భాగం వచ్చేటప్పటికి ఆయన లేడు.
గొంతులోనే గడ్డ. వేలూరు ఆసుపత్రి. తొమ్మిది నెలలు.
ఆ భాగంలో ఓరెలూ లేడు.
గోడమీద ఒక ఫోటో చూపించినారు, అంతే.
మర్యాదగా ఉన్నింది.

ఐదో భాగంలో లేపినారు.
జ్యూసు ఫ్యాక్టరీల కాడ తోతాపురి లారీలు వరస కట్టిన నెల.
జ్ఞాపకాలన్నీ ఒక గాజుబుడ్డిలో దాచిపెట్టి ఉన్నారంట,
దారం దారంగా కొత్త ఒళ్ళు అల్లినారంట.
ఈలలు. చించిన కాగితాల వాన.
ఓరెల్ కండ్లు తెరిచినాడు.
గడ్డం మీద అదే గాటు, అదే సగం నవ్వు.
నోరు తెరిచినాడు.

ఎవడో.
యే ఊరి మన్నూ అంటని గొంతు,
తోమి బోర్లించిన గిన్నె మాదిరి.

పక్క సీటు పిల్లోడు నా మోచెయ్యి కదిపినాడు,
"బతికినాడు గదా అవ్వా, ఎందుకేడస్తావు?"
ఏం చెప్పేది వాడికి.
మూడు భాగాల్లోనూ ఆయన పేరు తెర మీద పడలా.
నేనూ పలకను, మా పక్క పలకరు.

ఒకటి మాత్రం మిగిలింది.
పేర్లు పడకముందు జరిగిన కథ చూపిస్తారు,
నిమిషం కూడా ఉండదు.
తాడు. కత్తి. ఉంగరాలు. కేక.
కొత్తది చేయించేదానికి సోమరితనమై
పాత శబ్దమే పెట్టేసినారు, పుణ్యాత్ములు.

అందుకని రోజూ పొద్దుటాట, ముందు వరస టికెట్టు.
ఈ పొద్దుకు తొమ్మిది.
చచ్చిందాకా మా ఆయన.
లేచినాక ఆ మనిషితో నాకేం పని?
పేర్లు మొదలవతానే సంచి చంకన పెట్టుకుని లేస్తా.

గేటు కాడ ఏకాంబరం రోజూ అదే మాట,
"ఏందమ్మా, ఇప్పుడే గదా మొదలయ్యింది."