నలభై మూడు కిలోమీటర్లు

వాంతి మాత్రలు, ఉప్పద్దిన నిమ్మచెక్క,
రెండు కేజీల మైసూర్‌పాకు, పాపకి రెండు జతల బట్టలు,
టైర్లలో గాలి, ఫాస్టాగ్‌లో డబ్బు –
కాశీకి పోయేవాళ్ళలా సర్దుకున్నాం.
ఆడుగోడి నుంచి నల్లగుట్లపల్లికి
నలభై మూడు కిలోమీటర్లు.
పోక తొమ్మిదేళ్ళు.

సిల్క్‌బోర్డు దగ్గరే ముప్పావుగంట.
"ఊరొచ్చేసిందా?" అంది ఇంచర.
"ఇంకా మన ఊరే అయిపోలేదు" అన్నాడు వాళ్ళ నాన్న.
ఎలక్ట్రానిక్ సిటీ వంతెన ఎక్కాక కారు తేలికపడింది.
అత్తిబెలె దాటగానే బోర్డుల మీద అక్షరాలు
గుండ్రాలు వదిలి పలకలు తేలాయి.
కన్నడం చదివే పాప, తమిళం రాని మేము,
దారిలో ఏ బోర్డు మీదా లేని తెలుగు మాత్రం
కారులో కూర్చుని
కిటికీ సీటు కోసం పోట్లాడుతోంది.

గులాబీ తోటలంటే
దూరం నుంచే ఎర్రగా కనబడతాయనుకున్నా.
కనబడింది ప్లాస్టిక్కు –
ఎకరాల కొద్దీ తెల్లటి పరదా, గాలికి టపటపమంటూ.
లోపల పువ్వన్నది లేదు. అన్నీ మొగ్గలే,
ఒక్కోదాని తలకీ ఒక వలటోపీ.
విచ్చుకుంటే రేటు పడిపోతుందట.

"వస్తిరా? దారి తెలిసెనా?" అంది లగుమమ్మ వదిన.
ఎత్తిపొడుపో ప్రేమో తేల్చుకునేలోపు
చెంబు చేతికొచ్చింది.
చెంబు పట్టిన వేళ్ళమీద
ముళ్ళు గీరిన గీతలు, పాతవాటి మీద కొత్తవి.
రాగిముద్ద, ఉలవల బస్సారు.
పాప నమలబోతే
"నమలకూడదు, మింగల్ల!" అని
ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో అరిచారు.
బెదిరి మింగేసింది.

మధ్యాహ్నం మూడింటికి నిద్రలేచి వచ్చాడు
మా పెద్దమ్మ కొడుకు, తిమ్మరాయన్న.
ఎట్లున్నారనలేదు, ఎప్పుడొచ్చినారనలేదు.
"పోయిన నెల్లో మీ పైమిద్దె లైటు
వరసగా మూడు రేయిలు ఎలగతా ఉండె.
ఎవురికి బాగలేకపాయ?"

మజ్జిగ గ్లాసు నా పెదవి దగ్గర ఆగిపోయింది.
పాపకి డెంగీ.
ఎదురింటివాళ్ళకి కూడా తెలీదు.

రోజూ రాత్రి ఒకటిన్నరకి బయల్దేరతాడట,
వ్యానునిండా మొగ్గలతో, కేఆర్ మార్కెట్టుకి,
టైర్ల షాపు మీద మేం నిద్రపోయే గది కిందుగా.
ఆకుపచ్చ కర్టెను, విరిగిన బకెట్టులో కరివేపాకు చెట్టు,
తీగమీద మర్చిపోయిన స్కూలు సాక్సులు –
అన్నీ ఆయనకి తెలుసు.
"ఒక్కసారన్నా బెల్లు కొట్టొచ్చు కదన్నా" అన్నాను.
"ఆ పొద్దులో వస్తే
సుట్టమంటారా, దొంగంటారా?"
అందరం నవ్వాం.
నా నవ్వు ముందు ఆగింది.
తొమ్మిదేళ్ళకి మేం ఒక్కసారి.
ఆయన మూడువేల పైచిలుకు.

తిరిగొచ్చేటప్పుడు డిక్కీలో బీన్సు, సొరకాయలు,
మూత సరిగ్గా పట్టని డబ్బాలో ఉలవలు.
గులాబీలివ్వలేదు, అవి లెక్కలోవి.
ఒక్క విచ్చుకున్నది మాత్రం
పనికిరాదులే అంటూ పాప జడలో గుచ్చింది వదిన.
దారిపొడుగునా సీట్లకింద ఉలవలు దొర్లాయి.

అలారం పెట్టుకోలేదు. మెలకువ దానంతటదే వచ్చింది.
బాల్కనీలో లైటు వేసి నిలబడ్డాను.
ఒక బండి టమాటా. ఒకటి కొత్తిమీర వాసన.
ఒకటి ఖాళీ కోళ్ళబోనులు.
టార్పాలిన్ కప్పాక ఎవరు చుట్టమో ఏం తెలుస్తుంది?
స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఒక వ్యాను
అన్నిటిలాగే నెమ్మదించింది.
అన్నిటిలాగేనా?
నంబరన్నా చూసుకు రాలేదు.

లోపల ఫోను ఒక్కసారి మోగి ఆగింది.
మా వాళ్ళ ఆనవాయితీ, ఎత్తకూడదు.
ఎత్తలేదు.
లైటు ఆర్పేశాను,
ఇంట్లో అందరూ బాగున్నారని
ఇంకెట్లా చెప్పాలో తెలీక.