చైను లేకుండా

మా లంకలో ఎత్తంటే ఏటిగట్టే.
దాని మీంచి దూకి దూకి
దిగడం నేర్చుకున్నాను.

ఇక్కడ ధవళేశ్వరంలో
ఆనకట్టకి రాళ్లిచ్చిన కొండ
ఇంకా పళ్లు బయటపెట్టుకునే ఉంది.

ఈల. నా నంబరు ముప్పై ఒకటి.
రెండో మలుపులోనే వెనక బ్రేకు తీగ తెగి
పిల్లి మీసంలా ఊగింది.
ముందుది గట్టిగా పట్టావో బోర్లా పడతావ్, అన్నాడు
పొద్దున నట్లు బిగించిన భూషణం,
కొబ్బరితాడుతో గేరు కట్టిన మహానుభావుడు.
కాలు నేలకి రాసి ఆపాను.
బూటు కాదు, హవాయి చెప్పు.

పెద్ద బండ దిగుతుంటే ఫట్‌మని
చైను. పాములా రాళ్లలోకి జారిపోయింది.
పోతే పోనీ, దిగడానికి చైనెందుకు?
నా బదులు కొండే తొక్కుతోంది,
దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి,
నవ్వొస్తోంది కూడా.

తీరా కింద
ఆఖరి నూరు గజాలూ చదును.
నీళ్లు సైతం ఎటు పోవాలో ఆలోచించే
మా పొలాల్లాంటి చదును.
పెడలు గిర్రున తిరుగుతుంది,
చక్రానికి వినపడదు.

సైకిలు భుజానికెత్తి
అరటిగెల మోసినట్టు పరుగెత్తాను.

పదిహేడో స్థానం.
భూషణం నా మోచేతి నెత్తురు చూడలేదు.
"చైనేదిరా?"
కొండకేసి చూపించాను.
"పద, చీకటి పడకముందే వెతుకుదాం,
అరువు తెచ్చింది."