పదకొండు బారలు

విగ్రహం చేతిలో కంచు తాడుంది.
తాడు కింద సముద్రం లేదు.

బీబిజమాల్ పొట్టి గౌను తొడుక్కునే రోజుల్లో
ఆరల్ అలలు పీఠం మెట్ల దాకా వచ్చేవి.
ఇప్పుడొచ్చేది ఉప్పుగాలి ఒక్కటే.
మూడు గదుల మ్యూజియం తాళం తియ్యకముందే
కొంగు తడిపి
అల్లంబెర్గెన్ కనురెప్పల మీది తెల్లపొర తుడుస్తుంది.
"రాత్రంతా ఏడ్చినట్టున్నాడు ముసలాయన"
అంటుంది బడిపిల్లలతో.
వాళ్ళు వినరు. తాడు పట్టుకుని ఊగాలి వాళ్ళకి.

పలక మీద
పుట్టిన ఏడుంది, అదీ తప్పే.
జార్ పంపిన వెండి పతకం సంగతుంది.
ఆ పతకం రెండు బస్తాల గోధుమలకి
ఒక కరువు చలికాలంలో అమ్ముడుపోయిందని లేదు.
సముద్రమంతా కొలిచినవాడికి
ఈత రాదని అసలే లేదు.

విగ్రహం కూల్చెయ్యాలన్నారు ఒకప్పుడు,
జార్ ఉప్పు తిన్నవాడని.
ఉప్పు తిన్నమాట నిజమే.
బారకొక ముడి వేసిన తాడు,
చివర సీసపు గుండు,
గుండు అడుగున గొర్రె కొవ్వు.
నేల తగిలి పైకొచ్చేటప్పుడు
ఇసకో, గవ్వపెంకో, నల్లబురదో
కొవ్వుకి అంటుకొస్తుంది.
దాన్ని నాలిక మీద పెట్టుకునేవాడు.
ఆ ఉప్పు.
దాని రుణం తీర్చుకోవడానికి
పద్దెనిమిది వేసవులు పట్టింది.

ఆయన పుస్తకం అరబ్బీ లిపిలో ఉంటుంది.
నుకుస్ నుంచి వచ్చే అధికారులు
అట్ట చూసి, దుమ్ము చూసి, సంతకం పెట్టి పోతారు.
నాయనమ్మ దగ్గర ఆ అక్షరాలు నేర్చుకున్న బీబిజమాల్
ఒక్కతే చదివింది
చివర్నుంచి నాలుగో పుట:

"ఇక్కడ తాడు వేసింది కొలవడానికి కాదు.
తమ్ముడు ఓతెగెన్.
పదకొండు బారలు.
కొవ్వుకి ఇసక తప్ప ఏమీ అంటలేదు."

పటంలో అదే చోట
ఒక్క అంకె, పదకొండు.
పదికీ పన్నెండుకీ మధ్య
ఒద్దికగా, అదే సిరాతో,
అదే పరిమాణంలో కూర్చునుంది.
చెయ్యి వణికిన గుర్తు కూడా లేదు.
ఆమె భూతద్దం పెట్టి మరీ వెతికింది.

కిందటేడు అడవిశాఖ కుర్రాడు కిదిర్‌బాయ్ వచ్చి
పటం కావాలన్నాడు.
"నీళ్ళే లేవు, లోతులేం చేసుకుంటావు?"
"లోతెక్కువున్న చోట ఉప్పు ఎక్కువ, అక్కా.
సాక్సౌల్ మొక్క వేస్తే చస్తుంది.
ఎక్కడ వెయ్యకూడదో మీ ముసలాయనే చెప్పాలి."

పడవలు మునగకూడదని రాసుకున్న అంకెలు
మొక్కలు చావకూడదని
లారీలో బయల్దేరాయి.

ఆమె కూడా ఎక్కింది.
ఐదు గంటల దారి.
టైర్ల కింద గవ్వలు పటపటమన్నాయి,
చాలాసేపు, తర్వాత అవీ లేవు.
కుర్రాడు ఫోను చూసి, పటం చూసి
"ఇక్కడే" అన్నాడు, బీడీ వెలిగిస్తూ.

ఏముందక్కడ?
పగిలిన తెల్లనేల. తుప్పు పట్టిన డబ్బా ఒకటి.
ఆమె కిందికి చూళ్ళేదు.
తలెత్తి చూసింది.
పదకొండు బారల పైన
గాలిలో
పడవ అడుగు ఉండాల్సిన చోటు.
దాని అంచున వంగి
తాడు వదులుతున్న మనిషి,
ముళ్ళు లెక్కపెడుతున్న మనిషి,
ఈత రానివాడు.

"ఒక మొక్క వెయ్యి ఇక్కడ."
"చస్తుందక్కా, ఇప్పుడేగా చెప్పాను."
"విన్నాను. వెయ్యి."

చచ్చింది. జూన్ కూడా రాలేదు.
మళ్ళీ శరదృతువులో ఇంకోటి. అదీ అంతే.
బతికిన మొక్కల లెక్క రాసే కాగితంలో
ఆ గడి దగ్గర కుర్రాడు సున్నా చుట్టి
దాని పక్కన చిన్నగా
ఓతెగెన్ అని రాశాడు.
పైవాళ్ళు అది మొక్క రకం అనుకున్నారు.

ఈ మార్చికి మూడోది.
కిదిర్‌బాయ్ వద్దనడం మానేశాడు.
నీళ్ళ డబ్బా మాత్రం
ఆమె అడక్కముందే లారీ ఎక్కిస్తున్నాడు.