కారణం అనే గడి

బెర్గెన్‌లో వాన ఆగదు. ఆగితే జనం అనుమానంగా పైకి చూస్తారు.
రాత్రి మూడు దాటి ఏడు నిమిషాలకి
ఎవరూ లేని గదిలో ప్రోగ్రామ్
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ వాటాలన్నీ అమ్మేసింది.
చెయ్యి వణకలేదు. చెయ్యి లేదు గనక.

పొద్దున రాగ్న్‌హిల్డ్ తడి గొడుగు గోడకి ఆనించి
తెర చదివింది.
పదకొండేళ్ల ధరలు, చేపల టన్నులు, సముద్రపు వేడి
అన్నీ నమిలి మింగి
అది తేల్చింది ఒకే మాట: వద్దు.

తప్పేం లేదు. ఆ లెక్క రాసింది తనే.
మనసుపడి కొనకు, భయపడి అమ్మకు అని
దానికి అక్షరాభ్యాసం చేయించిందీ తనే.

అయినా తాత కోటు గుర్తొచ్చింది,
ఎన్ని ఉతుకులకీ వదలని చేప నూనె వాసన.

ఆర్డరు వెనక్కి తిప్పబోతే
ఓ చిన్న గడి అడిగింది: కారణం?
వాసన, అని కొట్టింది.
అంకెలు మాత్రమే, అంది.

కాఫీ చల్లారింది. కిటికీలోంచి ఓ పడవ దాటిపోయింది.
ముప్పై ఒకటి, అని కొట్టింది.
తాత అక్కడ డబ్బాలు మూసిన ఏళ్లు.

ఏమిటీ ముప్పై ఒకటి అని అడగలేదది.
బుద్ధిగా తీసుకుని
మిగతా అంకెల పక్కన కూచోబెట్టుకుంది.

ఇప్పుడు రాత్రుళ్లు
ఏది కొనాలో ఏది అమ్మాలో తేల్చేటప్పుడు
కాస్త చేప నూనె కూడా తూకంలో పడుతోంది,
దానికి తెలీకుండా.
పింఛనుదార్లకి తెలీకుండా.